కందకంలో కొంటె గీతలు

(మాదాపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ అనే చోట ఒక విమాన స్థావరం ఉండేది. అక్కడి స్పిట్‌ఫైర్ పైలట్ల దగ్గర ఒక బుల్ టెర్రియర్ కుక్క ఉండేది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పైలట్ ఆఫీసర్ పూచ్. బ్రిటిష్ వైమానిక దళంలో అధికారుల నిచ్చెనకు పైలట్ ఆఫీసర్ హోదా అట్టడుగు మెట్టు. ఆ కుక్క పక్కన కూర్చున్న కుర్రాళ్ళలో చాలామందికి ఉన్నదీ ఆ మెట్టే. పొద్దున ఎగిరినవాళ్ళలో సాయంత్రానికి ఎందరు దిగుతారో తెలియని రోజులవి. ఆ రోజుల్లో తమ హోదా తీసి కుక్క మెడలో వేసి నవ్వుకున్నారు.

ఇంగ్లండు కుక్క గొడవ మాదాపూర్‌లో ఎందుకంటారా? ఆ పైలట్ల దళం పూర్తి పేరు 152 హైదరాబాదు స్క్వాడ్రన్. దాని అధికార చిహ్నంలో ఉన్నది మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తలపాగా, అంటే దస్తారు. దాని కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి 1918లో బ్రిటిష్ చక్రవర్తి నిజాముకు ఇచ్చిన బిరుదు అది. బిరుదు నిజాముది, తలపాగా నిజాముది, ఖజానా ఇక్కడి రైతుల శిస్తుది, కుక్క మాత్రం వాళ్ళ సొంతం.

హైదరాబాదు పేరు పెట్టుకున్న దళాలు ఇంకొన్ని ఉండేవి. 1918లో ఫ్రాన్సు వెళ్ళిన 110 స్క్వాడ్రన్ మొత్తం నిజాం కానుక. దాని డీహెచ్-9ఏ విమానాల మీద ఇది ఫలానా నిజాం గారు ఇచ్చినది అని రాసి ఉండేది, గుడి గంట మీద దాత పేరు చెక్కినట్టు. వాటిలో ఒకటి ఎఫ్ 1010. అది 1918 అక్టోబరు 5న జర్మనుల చేతికి చిక్కింది. కొన్నాళ్ళు బెర్లిన్ మ్యూజియంలో ఉంది, రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరింది, 1977లో లండన్ హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. ఇప్పుడూ అక్కడే ఉంది. దాని రెక్కల్లో ఏ మెదక్ రైతు శిస్తు ఎన్ని అణాలు ఉందో లెక్క తీసినవాళ్ళు లేరు.

దస్తారు ఉన్న చిహ్నం ఒక పద్ధతి ప్రకారం తయారైంది. చిహ్నాల కోసమే ఒక అధికారి ఉండేవాడు. ఆయన గీయిస్తే రాజు సంతకం చేసేవాడు. కొన్నాళ్ళకు ఆ 152 స్క్వాడ్రనే బర్మా యుద్ధరంగానికి వచ్చింది. అక్కడ ఆ విమానాల పక్కభాగం మీద, గుండ్రటి వైమానిక దళ గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుత ఒకటి వెలసింది. స్క్వాడ్రను వాళ్ళు తమంతట తాము వేసుకున్న బొమ్మ అది. లండన్‌లోని చిహ్నాల అధికారి పుస్తకంలో దస్తారు ఉంది, బర్మా అడవి మీద ఎగిరిన స్పిట్‌ఫైర్ మీద చిరుత ఉంది. ఈ రెండు బొమ్మల మధ్య ఉన్న ఎడమే ఇవాళ నేను మాట్లాడదలుచుకున్న విషయం. ఒకటి పైనుంచి దిగింది, రెండోది కిందినుంచి మొలిచింది.

యుద్ధంలో సిపాయిలు గీసుకున్న కొంటె బొమ్మల గురించి మాట్లాడేవాళ్ళు వాటిని ధైర్యానికి గుర్తుగా, శత్రువును వెక్కిరించే ఆయుధంగా వర్ణిస్తారు. నాకు అది నిజమనిపించదు. శత్రువును వెక్కిరించే బొమ్మలు చాలావరకు రాజధానుల్లో, జీతం తీసుకునే చిత్రకారుల బల్లల మీద తయారవుతాయి. గోడలకు అంటించే పోస్టర్లు అవి. కందకంలో కూర్చున్నవాడు గీసిన బొమ్మలో శత్రువు కనిపించేది తక్కువ. కనిపించేది బురద, ఎలుక, చల్లారిన టీ, డబ్బాలోని తిండి, కాలు కొరికే బూటు, అన్నిటికంటే ఎక్కువగా సొంత సైన్యపు అధికారి. సిపాయి హాస్యానికి గురి ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది.

బ్రూస్ బేర్న్స్‌ఫాదర్ సంగతి చూడండి. రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటులో అధికారి. 1914 చలికాలంలో బెల్జియంలోని ప్లోగ్‌స్టీర్ట్ అడవి దగ్గర, తూట్లు పడిన ఒక పల్లెటూరి ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ ఇంటి గోడల మీదే బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. 1915లో గాయపడి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ ఏడాది చివర ‘బైస్టాండర్’ పత్రికలో వచ్చిన ఆయన బొమ్మ ఒకటి ఇంగ్లండు ఇంటింటికీ తెలిసిపోయింది. చుట్టూ గుండ్లు పేలుతుంటే ఒక గుంటలో ఇద్దరు సిపాయిలు నడుముదాకా కూరుకుపోయి ఉంటారు. పక్కవాడు విసుక్కుంటే, గుబురు మీసాల ముసలి సిపాయి వాడి మీద విరుచుకుపడతాడు: ఇంతకంటే మంచి గుంట నీకు తెలిసుంటే అక్కడికే పో, అని. ఆ మీసాల మనిషే ఓల్డ్ బిల్. బొమ్మలో జర్మన్ సిపాయి ఒక్కడూ లేడు. ఇది మోటు హాస్యం, సిపాయి పరువు తీస్తోంది అని పెద్దమనుషులు మొదట గింజుకున్నారు. తర్వాత లండన్ యుద్ధశాఖే ఆయన్ను చిత్రకారుడిగా నియమించి మిత్రదేశాల యుద్ధరంగాలన్నీ తిప్పింది. కిందినుంచి మొలిచినదాన్ని పైవాళ్ళు కుండీలోకి మార్చడం అప్పటికే మొదలైందన్నమాట. కుండీలోకి వెళ్ళాక ఆయన బొమ్మల్లో పాత కారం తగ్గిందని నా అభిప్రాయం.

రెండో యుద్ధంలో ఆ పాత్ర అమెరికా సార్జెంటు బిల్ మౌల్డిన్‌ది. సిసిలీ, ఇటలీ యుద్ధాల్లో పదాతి దళంతో తిరుగుతూ సైనిక పత్రిక ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్’లో విల్లీ, జో అనే ఇద్దరు సిపాయిల్ని గీశాడు. గడ్డాలు పెరిగి, కళ్ళు లోపలికి పోయి, భుజాలు కుంగిన మనుషులు. ఆయన బొమ్మల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ఇద్దరు అధికారులు కొండ మీద నిలబడి సూర్యాస్తమయం చూస్తుంటారు. ఎంత అందమైన దృశ్యం, మామూలు సిపాయిల కోసం వేరే దృశ్యం ఏమన్నా ఉందా, అని ఒకాయన రెండోవాణ్ణి అడుగుతాడు. అధికారుల క్లబ్బులు, అధికారుల మెస్సులు, అధికారుల మద్యం, ఇన్నిటి మీద రాయాల్సిన వ్యాసం ఒక్క వాక్యంలో తెగిపోయింది. జనరల్ ప్యాటన్‌కు కోపం వచ్చింది. 1945లో మౌల్డిన్‌ను పిలిపించి, సిపాయిలను ఇంత మాసినవాళ్ళుగా ఎందుకు గీస్తావని చీవాట్లు పెట్టాడు. మౌల్డిన్ గీత మార్చలేదు. ఆ ఏడాదే, 23 ఏళ్ళ వయసులో, పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఈ స్మారకోపన్యాసం నడిపే ధర్మనిధి ఎవరి పేర ఏర్పడిందో ఆ డ్రాయింగు మాస్టారు ప్యాటన్‌కు పూర్తిగా వ్యతిరేకి అని ఈ హాల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. తన బొమ్మను బోర్డు మీద వెక్కిరింపుగా గీసిన పిల్లవాడి చేతిలోని సుద్దముక్క తీసుకుని, ముక్కు ఇంకా పొడుగు కదరా అని దిద్దిన మనిషి. సైన్యాలకు అంత గుండె నిబ్బరం ఉండదు.

అయితే శత్రువు మీద రాసే కొంటెతనం బొత్తిగా లేదని కాదు. మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. 1999 కార్గిల్ యుద్ధంలో మన వైమానిక దళం వాళ్ళు ఒక బాంబు మీద బాణం గుచ్చిన గుండె బొమ్మ వేసి, రవీనా టాండన్ నుంచి నవాజ్ షరీఫ్‌కు అని రాశారు. ఆమె అంటే ఆయనకు అభిమానమని అప్పట్లో చెప్పుకునేవారు. ఆ ఫొటో ఏళ్ళ తర్వాత కూడా తిరుగుతూనే ఉంది. చూసి నవ్వని వాళ్ళు తక్కువ. కానీ గమనించండి, ఆ జోకు పేలాల్సింది బాంబు కింద ఉన్నవాడి కోసం కాదు. వాడు దాన్ని చదవలేడు. రన్‌వే పక్కన బాంబు ఎత్తుతున్న తోటివాడు చదివి నవ్వాలి, అంతే. అందుకే అది కూడా ఇంటి జోకే. కాకపోతే చిట్టచివర అది పేలే వస్తువు మీద ఉంది కాబట్టి, నేను దాన్ని ఓల్డ్ బిల్ పక్కన కూర్చోబెట్టలేను.

ఇదంతా పరాయి సరుకని అనుకోకండి. యుద్ధం నడుమ నవ్వు పెట్టడం మనకు తెలియని విద్య కాదు. శిల్పారామం ఇక్కడికి దగ్గరే కాబట్టి తోలుబొమ్మల గురించి ధైర్యంగా చెప్పొచ్చు. రామరావణ యుద్ధం జోరుగా సాగుతుంటుంది. రాముడి బొమ్మ, రావణుడి బొమ్మ మనిషి ఎత్తున తెర నిండా ఉంటాయి. సరిగ్గా అప్పుడు పొట్టి బొమ్మలు చొరబడతాయి: కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వాళ్ళకు లంక పట్టదు, సీత పట్టదు. మొగుడూ పెళ్ళాల తగువులు, ఊళ్ళో పెద్దల గుట్లు, తిండి, బూతు. ఆట ఆడించేవాళ్ళు వాళ్ళను తీసేసి ఆడరు. తీసేస్తే తెల్లవారేదాకా జనం కూర్చోరు. కవులూ ఈ కిటుకు వదల్లేదు. భారతంలో కౌరవసేనను చూసి కాళ్ళు వణికి రథం దూకి పారిపోయిన ఉత్తర కుమారుణ్ణి తెలుగువాళ్ళు ఇప్పటికీ అధికారుల మీద ప్రయోగిస్తూనే ఉన్నారు. విల్లీ, జోలకు పూర్వీకుడు కేతిగాడే అనడం అతిశయోక్తి. కానీ వాళ్ళు ఎదురుపడితే ఒకళ్ళనొకళ్ళు గుర్తుపడతారు.

మరి మన సిపాయిలు గీసిన బొమ్మలేవి? ఇక్కడ నా దారి కొంచెం ఇరుకవుతుంది. హైదరాబాదు పేరు యుద్ధాల్లో తక్కువేం లేదు. మొదటి యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా వెళ్ళారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటామే, ఆ మూడు కంచు బొమ్మలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లవి. 19వ హైదరాబాదు రెజిమెంటు అని ఒకటుండేది. అందులో మనవాళ్ళకంటే కుమాయూ కొండలవాళ్ళు, అహీర్లు, జాట్లు ఎక్కువ. చివరికి 1945లో పేరే కుమాయూ రెజిమెంటుగా మార్చుకున్నారు. అటు కోస్తాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖ మీదా కాకినాడ మీదా పడ్డాయి కాబట్టి యుద్ధం మన గడపకూ వచ్చింది.

కంచు విగ్రహాలు మిగిలాయి, కొంటె బొమ్మలు మిగల్లేదు. కారణం హాస్యం లేకపోవడం కాదు, కాగితం లేకపోవడం. బేర్న్స్‌ఫాదర్ అధికారి. 1916 ఫిబ్రవరి 12న ఈప్ర్ శిథిలాల్లో దొరికిన అచ్చుయంత్రం మీద ‘వైపర్స్ టైమ్స్’ అనే వెక్కిరింపు పత్రిక మొదలుపెట్టిన ఫ్రెడ్ రాబర్ట్స్ కెప్టెన్. అచ్చు పని తెలిసిన సార్జెంటు చేతికింద ఉంటే, కెప్టెన్ తలచుకుంటే, కందకంలోనూ పత్రిక వస్తుంది. చదువు రాని భారతీయ సిపాయి తన ఉత్తరం కూడా వేరొకరి చేత రాయించుకునేవాడు. అది సెన్సారు అధికారి చేతుల మీదుగా వెళ్ళేది. ఫ్రాన్సులో ఉన్న మనవాళ్ళ ఉత్తరాలు ఆ సెన్సారు కార్యాలయం అనువాదాలుగా బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ కొంటెతనం ఎక్కడికి పోయిందో అక్కడ తెలుస్తుంది. నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఇప్పుడు ఎర్ర మిరప వాడుతున్నారు అనే ధోరణిలో ఒకడు ఇంటికి రాయించాడు. నల్ల మిరియాలంటే మనవాళ్ళు, ఎర్ర మిరప అంటే తెల్లవాళ్ళు. ఎవరు ఎంత వేగంగా చస్తున్నారో వంటింటి లెక్కలో చెప్పాడు. సెన్సారు వాళ్ళు ఆ గుట్టు కనిపెట్టారు. కనిపెట్టి రాసిపెట్టుకున్నారు కాబట్టే మనకు దక్కింది. చరిత్రకు ఇలాంటి తమాషాలు అలవాటే: జోకును పట్టుకున్న పోలీసే దాన్ని భద్రపరిచాడు.

తెలుగులో ఆ కొంటెతనం మాటల్లోకే మళ్ళింది. ఆరుద్ర రెండో యుద్ధకాలంలో వైమానిక దళం బ్యాండులో వాద్యగాడిగా పనిచేశారు. తర్వాత ‘కూనలమ్మ పదాలు’ రాసిన మనిషి సైనిక కవాతు తాళానికి ఊదిన రోజులున్నాయని తలచుకుంటే ఆ పదాల నడక నాకు ఇంకోలా వినిపిస్తుంది. ఇది రుజువు చేయదగ్గ మాట కాదు, నా చెవి మాట.

బొమ్మ బతకాలంటే దాచేవాడు కావాలి. రోనాల్డ్ సియర్ల్ అనే ఇంగ్లిషు కుర్రాడు 1942లో సింగపూరులో జపానుకు చిక్కాడు. చాంగీ జైల్లో, తర్వాత సయాం–బర్మా రైలుమార్గం పనిలో ఉంటూ బొమ్మలు గీశాడు. పట్టుబడితే ప్రాణం పోతుంది. వాటిని కలరాతో చచ్చిపోతున్నవాళ్ళ పడకల కింద దాచేవాడు, కాపలావాళ్ళు ఆ పక్కకు రారు కాబట్టి. ఇప్పుడవి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ చేతులే తర్వాత సెయింట్ ట్రినియన్స్ అల్లరి బడిపిల్లల్ని గీసి దేశాన్ని నవ్వించాయి. ఆ రైలుమార్గం మీదికే మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను వేలకొద్దీ తరలించారు. ఖైదీల సమాధులకు పేర్లున్నాయి, కూలీల సమాధుల్లో చాలావాటికి ఆనవాలే లేదు. అలాంటి చోట వాళ్ళ నవ్వులాట బొమ్మ అడగడం అన్యాయమే.

ఇక మీ సాఫ్ట్‌వేర్ వీధికి వస్తాను. రెండో యుద్ధంలో అమెరికా సిపాయిలు వెళ్ళిన చోటల్లా ఒక బొమ్మ గీసేవారు. గోడ మీదుగా బోడి తల, రెండు చేతుల వేళ్ళు, గోడ ఇవతలికి వేలాడే పొడుగు ముక్కు, పక్కన కిల్‌రాయ్ ఇక్కడికి వచ్చాడు అనే రాత. ఇంగ్లండులో ఆ ముక్కువాడి పేరు చాడ్. టీ లేదా, పంచదార లేదా అని అడుగుతుంటాడు. రేషను రోజుల బాధ అది. చాడ్ ముఖం ఎలక్ట్రికల్ సర్క్యూట్ పటం నుంచి పుట్టిందని ఒక వాదన ఉంది. నిజమైతే ఎలక్ట్రానిక్స్ క్లాసులో విసుగెత్తినవాడెవడో ఆ గీతకు రెండు కళ్ళు పెట్టాడన్నమాట. మీలో ఆ క్లాసు దాటి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు కాబట్టి వాదన నమ్మబుద్ధి అవుతుంది. వాషింగ్టన్‌లో 2004లో తెరిచిన రెండో ప్రపంచ యుద్ధ స్మారకంలో కిల్‌రాయ్‌ను రెండు చోట్ల చెక్కారు. రెండూ వెతికితే గానీ కనబడని మూలల్లోనే.

ఇంకొకటి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో, అమెరికా నౌకాదళం కోసం కట్టిన మార్క్-2 కంప్యూటరు మొరాయించింది. చూస్తే రిలేలో ఒక చిమ్మట చిక్కుకుని ఉంది. సాంకేతిక సిబ్బంది దాన్ని తీసి లాగ్‌బుక్కులో టేపుతో అంటించి, పురుగు నిజంగా దొరికిన మొదటి సందర్భం ఇదే అని పక్కన రాశారు. యంత్రాల లోపాన్ని పురుగు అనడం అంతకుముందే ఇంజనీర్లకు అలవాటు. జోకు అక్కడుంది. నౌకాదళ అధికారిణి గ్రేస్ హాపర్ ఈ కథను అందరికీ చెప్పి ప్రచారం చేశారు, పురుగును పట్టింది మాత్రం ఆమె కాదు. ఆ పేజీ పురుగుతో సహా స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. సైనిక యంత్రం, విసుగు, తోటివాళ్ళ కోసం ఒక కొంటె అతికింపు. కందకపు కళ మీ వృత్తిలోకి అడుగుపెట్టిన రోజుగా నేను దాన్ని లెక్కిస్తాను.

సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అప్పటి నుంచి ఈ కారిడార్‌లో ఎన్ని లక్షల రాత్రి షిఫ్టులు నడిచాయో. మీ వైట్‌బోర్డుల మూల డు నాట్ ఎరేజ్ అని రాసి, కింద మేనేజరుకు కోరలు పెట్టినవాళ్ళు నాకు తెలుసు. రిలీజు రాత్రి కాలుతున్న ఇంట్లో కాఫీ తాగుతూ అంతా బాగానే ఉందనే కుక్క బొమ్మ గ్రూపుల్లో తిరుగుతుంది. ల్యాప్‌టాప్ మూతల మీద స్టిక్కర్లు చూస్తే నాకు విమానాల ముక్కుల మీద బొమ్మలే గుర్తొస్తాయి. బర్మా, చైనా ఆకాశంలో ఫ్లయింగ్ టైగర్స్ అనే అమెరికన్ పైలట్ల సొరచేప నోరు కూడా ఇలాగే వచ్చింది: బ్రిటిష్ 112 స్క్వాడ్రన్ ఫొటో పత్రికలో చూసి వేసుకున్నారు, ఆ బ్రిటిష్ వాళ్ళు జర్మన్ విమానాలను చూసి వేసుకున్నారు. ఫార్వర్డ్ చేయడం కొత్త సంగతి కాదు.

అయినా పోలికను లాగి తెంపను. సర్వరు పడిపోతే ఎవరూ చావరు. స్ప్రింటును యుద్ధమనడం, గదికి వార్ రూమ్ అని పేరు పెట్టడం నాకు కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఈ హాల్లో నిజంగా కాల్పులు విన్నవాళ్ళు ఉంటే వాళ్ళకు ఇంకా ఎబ్బెట్టు. పోలిక ఒక్కచోటే నిలుస్తుంది. నవ్వు కింది మెట్టు మీదివాడిది, గోడ పైవాడిది. ఉద్యోగం మానిన రోజున ఖాతాతో పాటు మీ గ్రూపులోని బొమ్మలన్నీ పోతాయి. సెన్సారు గుమాస్తా కనీసం నకలు రాసిపెట్టాడు.

కాబట్టి ఒక కోరిక చెప్పి ముగిస్తాను. సైనిక్‌పురి, యాప్రాల్, తిరుమలగిరి వైపు మాజీ సైనికుల ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అటకల మీద ట్రంకు పెట్టెలున్నాయి. 1965, 1971, శ్రీలంక, కార్గిల్ చూసినవాళ్ళున్నారు. డైరీ చివరి పేజీల్లో, రేషను కాగితాల వెనక, ఫొటోల అట్టల మీద ఏవో గీతలు ఉండకపోవు. మీలో స్కానర్లు ఉన్నవాళ్ళు, ఆదివారం ఖాళీ ఉన్నవాళ్ళు వెళ్ళండి. బొమ్మ ఒక్కటే తీసుకుని రాకండి. టీ కరువు తెలియనివాడికి చాడ్ వట్టి ముక్కు. ఎవరి మీద గీశారు, ఏ పోస్టులో, ఎన్నో తారీఖున అని అడిగి రాసుకోండి. ఆ రోజు లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, ఏం వండారో కూడా అడగండి. సగం జోకులకు మూలం అక్కడే దొరుకుతుంది.